రెండున్నర సిగరెట్ల ఎరుపు

మా ఆయన చేతికి వాచీ ఉండటం నేను చూసింది మూడు నెలలే. పెళ్ళైన కొత్తలో మా నాన్న కొనిచ్చిన వాచీ ఆకుపచ్చ రంగు తొట్టిలో పడింది. తీసి చూస్తే అద్దం లోపల కూడా ఆకుపచ్చ నీళ్ళే. పోనీ ఇంకోటి కొందామంటే వద్దన్నాడు. వాచీతో ఆయనకి పని లేదు. ఆయన కాలాన్ని సిగరెట్లతో కొలిచేవాడు.

మాది బట్టలకు రంగులు వేసే కొట్టు. ముందు గదిలో నేను, నా బల్ల, చీటీలు, ఫోను, గోడకి రంగుల నమూనా అట్ట. వెనక షెడ్డులో ఆయన, నాలుగు స్టీలు తొట్లు, వాటి కింద గ్యాసు పొయ్యిలు, తొట్టికొక పొడుగాటి కర్ర, పైన తడి బట్టలు ఆరేసే తీగలు. వెలిసిపోయిన ప్యాంట్లు, మరకలు పడ్డ దుప్పట్లు, హోటళ్ళ కర్టెన్లు, నాటకాల వాళ్ళ అంగీలు, ఇలా ఏవైనా సరే మా దగ్గరికి వస్తాయి.

ఆయన పని పద్ధతి ఇది. నీళ్ళు కాగాక రంగూ ఉప్పూ కలిపి, బట్ట వేసి, కర్రతో రెండుసార్లు తిప్పి, సిగరెట్టు వెలిగించేవాడు. లేత నీలానికి ఒకటి. ముదురు నీలానికి రెండు. నలుపుకి మూడు సిగరెట్లూ, మధ్యలో ఒక దగ్గూ. ముదురెరుపుకి రెండున్నర. మిగిలిన సగం చెవి వెనక పెట్టుకునేవాడు, తర్వాత వచ్చే పసుపుకి పనికొస్తుందని. నమూనా అట్ట మీద ప్రతి రంగు కిందా ఆయన రాసుకున్న అంకెలు ఇవే. కొత్తగా వచ్చినవాళ్ళు అవి రంగు నంబర్లు అనుకుని, "మాకు రెండో నంబరు నీలం ఇవ్వండి" అని అడిగేవాళ్ళు. నేను నవ్వాపుకుని చీటీ రాసేదాన్ని.

మీరూ నవ్వకండి. ఇరవై రెండేళ్ళు ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయనకి పని నేర్పిన గురువు కూడా అలాగే కొలిచేవాడట. ఆ గురువుగారు ఏ జబ్బుతో పోయారని ఒకసారి అడిగాను. మా ఆయన వినపడనట్టు కర్ర తిప్పుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఓ రోజు ఆయన ఎడమ కాలి చిటికెన వేలు నీలంగా కనపడింది. నీలం తొట్టి దగ్గర నిలబడే మనిషికి వేలు నీలంగా ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? రంగు అంటుకుందనుకున్నాం. ఆయన చేతి గోళ్ళు పెళ్ళినాటి నుంచీ ఏదో ఒక రంగులోనే ఉన్నాయి మరి. నేను సబ్బుతో రుద్దాను. పోలేదు. రంగు మరకలు తీసే మందు నీళ్ళలో కలిపి రుద్దాను. "మెల్లిగా రుద్దవే, నొప్పి" అని ఆయన అంటే, "ఇంత ముదురు రంగు కాలి మీద పోసుకున్నది మీరా నేనా?" అని నేను. నెల రోజులు, అక్షరాలా నెల రోజులు, రక్తం అందక చచ్చిపోతున్న వేలిని రంగు మరక అనుకుని నేను తోముతూ కూర్చున్నాను. రంగుల కొట్టు వాళ్ళం కాకపోతే ఇంకెవరైనా రెండో రోజే ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ళు. పుండు పడి, మందులకి మానక, మేం వెళ్ళేసరికి ఆ వేలు తీసెయ్యడం తప్ప దారి లేకపోయింది.

ఆపరేషను చేసిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మాట మాత్రం ఎక్కడా నాన్చలేదు.

"మీ కాళ్ళకి రక్తం తీసుకెళ్ళే సన్న నాళాలు మూసుకుపోతున్నాయి. కారణం పొగ. ఇంకే కారణమూ లేదు."

"తగ్గించేస్తానండీ," అన్నాడు మా ఆయన.

"తగ్గించడం కాదు. రోజుకి ఒక్కటి తాగినా ఈ జబ్బు ఆగదు. మానేసినవాళ్ళలో చాలామందికి కాలు నిలబడింది. మాననివాళ్ళకి ఇంకో వేలు, ఆ తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింద వరకూ."

ఆయన తన పాదం వంక చూసుకున్నాడు. కట్టులోంచి కనపడుతున్నవి నాలుగు వేళ్ళు. సిగరెట్టు బదులు నమిలే గమ్ము, చర్మానికి అంటించే పట్టీ ఉంటాయట కదా అని నేనడిగాను. మామూలు వాళ్ళకైతే అవి మంచివేనట. ఈయన జబ్బుకి నికోటిన్ ఏ దారిన లోపలికి వెళ్ళినా ప్రమాదమేనట, అందుకని వద్దన్నారు. వేరే బిళ్ళలేవో రాసిచ్చి, మానడం ఎలాగో చెప్పడానికి నర్సమ్మ దగ్గరికి పంపారు.

నర్సమ్మ పెద్దావిడ. "మనసు లాగినప్పుడు భయపడొద్దు నాయనా. అది నాలుగైదు నిమిషాలకి మించి నిలవదు. ఆ కాసేపూ నోటికి నీళ్ళు, చేతికి ఏదో ఒక పని ఇయ్యి. నీ దారిన నువ్వుంటే దాని దారిన అది పోతుంది," అంది.

"నాలుగైదు నిమిషాలంటే," ఆయన కాసేపు లెక్క వేసుకుని, "ఒక సిగరెట్టుకి కొంచెం తక్కువ," అన్నాడు. నర్సమ్మకి అర్థం కాలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంటికి రాగానే నేను పోలీసు ఉద్యోగంలో చేరిపోయాను. ముందు వీధి మలుపులో ఉన్న చిల్లర కొట్టుకి వెళ్ళాను. కొట్టు తాత మా ఆయన ముఖం చూస్తేనే పెట్టె తీసి పెట్టే మనిషి. "తాతా, ఇకమీదట ఆయనకి ఒక్క సిగరెట్టు అమ్మినట్టు తెలిసిందా, నీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటా, వచ్చిన బేరం వచ్చినట్టే వెళ్ళిపోతుంది," అన్నాను. నా నోరు ఆ వీధిలో అందరికీ తెలుసు. తాత రెండు చేతులూ ఎత్తేశాడు.

ఆ తర్వాత షెడ్డు సోదా. ఉప్పు డబ్బాలో మూడు. రబ్బరు చేతి తొడుగు బొటనవేల్లో ఒకటి. పాత రంగు పొట్లాల వెనక ఒక నిండు పెట్టె. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడికి ఇరవై రెండేళ్ళ కాపురం అనుభవం ఉండి ఉండదు.

పక్క కొట్టు టైలరుకీ మా ఆయనకీ వెనక గుమ్మం దగ్గర పొగ స్నేహం. ఆ టైలరు పరామర్శకి వచ్చి, "మా తాత తొంభై ఏళ్ళు బతికాడు చెల్లెమ్మా, రోజుకి రెండు పెట్టెలు ఊదేవాడు," అన్నాడు. "మీ తాతకి పది వేళ్ళూ ఉన్నాయి కదా అన్నయ్యా, మాకు తొమ్మిదే ఉన్నాయి," అన్నాను. పాపం, మంచివాడు. మర్నాటి నుంచి తన సిగరెట్టు తీసుకుని వీధి అవతలికి పోవడం మొదలుపెట్టాడు. వానలో గొడుగేసుకుని మరీ వెళ్ళేవాడు.

మొదటి పదిరోజులు మా ఇంట్లో ఉన్నది మా ఆయన కాదు. తలనొప్పి, నిద్ర లేదు, నోట్లో పుళ్ళు. మానేశాక తగ్గాల్సింది పోయి దగ్గు ఎక్కువైంది. ముక్కు మీద కోపం. కంచంలో ఉప్పు ఎక్కువైందని ఒక రోజు, తక్కువైందని ఒక రోజు, సరిపోయిందని ఇంకో రోజు అరిచాడు. కాలు కాలిన పిల్లిలా అని ఊరికే అంటాం గానీ, కట్టు కట్టిన కాలుతో ముందు గదికీ వెనక గదికీ మధ్య ఆ మనిషి తిరగడం చూస్తే ఆ మాట నోట్లోంచి రాదు. లవంగాలు నమిలాడు. పుల్లలు కొరికాడు. నా చీటీల పెన్సిళ్ళ వెనకలన్నీ కొరికేశాడు. ఓ మధ్యాహ్నం మా పెద్ద అల్యూమినియం గిన్నె తీసుకుని గంటసేపు తోముతూ కూర్చున్నాడు. ఏమైందండీ అంటే, "చేతులు ఊరుకోవడం లేదే" అన్నాడు. అప్పుడు మాత్రం నా కోపమంతా పోయింది. పక్కన కూర్చుని ఇంకో గిన్నె తీసుకున్నాను.

పదిహేనో రోజుకి గాయం ఆరి, మెత్తటి బూటు వేసుకుని ఆయన షెడ్డులో అడుగు పెట్టాడు. కష్టమంతా గడిచిపోయిందనుకున్నాను. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

రంగులు రావడం మానేశాయి. సిగరెట్టు లేకపోతే గడియారం ఉంది కదా అని, సిగరెట్టుకి ఏడు నిమిషాలు లెక్క కట్టి, వంటింట్లో గంట కొట్టే చిన్న గడియారాన్ని తెచ్చి తొట్టి దగ్గర పెట్టాను. మొదటి దుప్పటి పాలిపోయి వచ్చింది. రెండోది నల్లబడింది. అప్పుడు గానీ మాకు తెలియలేదు, ఆయన సిగరెట్టు అన్నది ఎప్పుడూ ఒకే పొడవు కాదని. మందం బట్టకి నింపాదిగా పీల్చేవాడు, పల్చటి దానికి గబగబా. నీళ్ళు ఎక్కువ కాగితే మధ్యలో ఆపి బూడిద రాల్చేవాడు. ఆ కొలత ఏ గడియారంలోనూ లేదు. ఊపిరిలో ఉంది. పైగా చేతిలో సిగరెట్టు లేని మనిషికి తొట్టి ముందు నిమిషం గంటలా ఉంటుంది. ఓపిక చాలక ముందే తీసేస్తాడు, ముందే తీశానేమోనన్న అనుమానంతో మళ్ళీ ముంచుతాడు.

మామూలు బేరాల్లో ఇది ఎలాగో సర్దుకున్నాం. లేతగా వస్తే, "ఈ రంగు మీకు బాగా నప్పుతుందండీ" అని నేను నోటితో ఇంకో పూత వేసేదాన్ని. అలా నెట్టుకొస్తుండగా నాటక కంపెనీ మేనేజరు వచ్చాడు.

పోయినేడు ఆ కంపెనీకి పన్నెండు పరదాలు ముదురెరుపు వేసిచ్చాం. ఇప్పుడు వేదిక వెడల్పు చేశారట, అవే పరదాలు ఇంకో ఆరు కావాలి. "రంగు ముమ్మూర్తులా అదే ఉండాలండీ. దీపాలు వేశాక పిసరంత తేడా ఉన్నా చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది," అన్నాడు. పాత పరదా అంచు కత్తిరించి ఒక ముక్క ఇచ్చాడు. శుక్రవారానికి ఇవ్వాలి. మా ఆయన ఆ ముక్కని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, "నా రంగే కదా, ఎక్కడికి పోతుంది," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూసి, నేను చీటీ రాసేశాను.

గుడ్డ పేలికలతో నాలుగుసార్లు చూసుకున్నాడు. పేలికలకి రంగు సరిగ్గా కుదిరింది. పరదా వేస్తే కుదరలేదు. మొదటిది లేతగా వచ్చింది. లేతగా వస్తే మళ్ళీ ముంచొచ్చు, ముదిరితే మాత్రం ఇక చేసేదేం లేదు, అందుకని ఆయన చెయ్యి ముందే తీసేస్తోంది. మళ్ళీ ముంచితే అక్కడక్కడ మచ్చలు తేలాయి. రెండోదీ అంతే. బుధవారం గడిచింది. గురువారం ఉదయం ఆయన మూడో పరదా చేతుల మీద వేసుకుని, తొట్టి ముందు ఊరికే నిలబడి ఉన్నాడు.

"రావడం లేదే," అన్నాడు. "ఇదివరకు కర్ర పట్టుకుంటే చాలు, ఎప్పుడు తియ్యాలో తెలిసేది. ఇప్పుడు నాకేం తెలియడం లేదు."

అది మానేసి నలభై ఒకటో రోజు. ఆయన నన్ను సిగరెట్టు అడగలేదు. ఈ మాట నేను నొక్కి చెప్పాలి. ఆయన అడగలేదు. నాకే తట్టింది. నలభై ఒక్క రోజులు ఉగ్గబట్టుకున్న మనిషికి ఒక్క పూట ఏమవుతుంది, ఈ పరదాలు గట్టెక్కితే మళ్ళీ మానేస్తాడు అనుకున్నాను. ఆయన బాధ చూడలేక అనుకున్నానని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం కొట్టు పేరు. శుక్రవారం ఆ మేనేజరు ముందు తల దించుకోవడం నాకిష్టం లేదు.

"మీరు వేస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా," అని చెప్పి వీధి మలుపుకి వెళ్ళాను. కొట్టు తాత నన్ను చూసి, "ఏం తల్లీ, నేను అమ్మలేదు, ఒట్టు," అన్నాడు ముందుగానే.

"నాకే కావాలి తాతా. సిగరెట్లు మూడు," అన్నాను. రెండున్నర అమ్మరు కదా. తాత నా ముఖంలోకి చూసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. అగ్గిపెట్టె కూడా నేనే అడిగి తీసుకున్నాను. తిరిగొస్తుంటే దారి పొడుగునా టైలరు కంటపడకూడదని కొంగు చాటున పెట్టుకుని నడిచాను. కంచే చేను మేస్తే అంటారే, ఆ కంచెని నేనే.

నేను వచ్చేసరికి పరదా తొట్టిలో ఉంది, ఆయన కర్ర తిప్పుతున్నాడు. గడియారంలో అప్పటికి మూడు నిమిషాలు. ముక్కాలిపీట మీద కాగితం విప్పి పెట్టాను.

ఆయన ముక్కుకి ముందు తెలిసింది. కర్ర ఆగిపోయింది. తల తిప్పి చూశాడు.

"ఎవరు తెచ్చారు?"

"నేనే."

"నువ్వా?"

"ఇవాళ్టికి తాగండి. పరదాలు అయిపోయాక మళ్ళీ మానేద్దురుగాని. ఒక్క పూటకి ఏం కాదు."

ఆయన ఒకటి తీసుకున్నాడు. వేళ్ళ మధ్య దొర్లించి, ముక్కు కింద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. రెండో చేతిలో అగ్గిపెట్టె గలగలలాడుతోంది. నేను ఎంత దుర్మార్గురాలినో చెప్పనా? ఆ క్షణంలో నేను చూస్తున్నది ఆయన్ని కాదు, గడియారాన్ని. తొందరగా వెలిగిస్తే బాగుండునని.

ఆయన వెలిగించలేదు. ముక్కాలిపీట పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నేనెలా ఆపుకుంటున్నానో నీకు తెలుసా?" అన్నాడు.

"బిళ్ళలు వేసుకుంటున్నారుగా. నీళ్ళు తాగుతున్నారు."

"బిళ్ళలూ కాదు, నీళ్ళూ కాదు. అది వచ్చినప్పుడల్లా నాతో వాదిస్తుంది. ఒక్కటే కదా అంటుంది. రేపట్నుంచి మానేద్దువుగాని అంటుంది. డాక్టరమ్మ ఊరికే భయపెట్టింది అంటుంది. కాలు పోతుందని చెబితే, పోయే వేలు పోయింది, ఇంకేం పోదులే అంటుంది. నాకు వాదించడం చేతకాదు, నీకు తెలుసు కదా. నీతో ఒక్కసారైనా గెలిచానా? అందుకని దానికి ఒకటే మాట చెబుతాను. మా ఆవిడ ఒప్పుకోదు, అని. అంతే. ఇక దానికి నోరు లేవదు. నలభై ఒక్క రోజులూ అదే మాట మీద నెట్టుకొచ్చాను."

చేతిలో సిగరెట్టు వంక చూసుకున్నాడు.

"ఇప్పుడు నువ్వే తెచ్చి చేతిలో పెట్టావు. ఇంక దానికి ఏం చెప్పమంటావు?"

నెల రోజులు ఆ వేలిని మరక అనుకుని తోమింది తెలియక. ఇది తెలిసి. నలభై ఒక్క రోజులుగా నేను సోదాలు చేస్తున్నాననీ, కాపలా కాస్తున్నాననీ మురిసిపోయాను. ఆయన మాత్రం నేను ఇంట్లో లేనప్పుడు కూడా నన్నే అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆ అడ్డం నేను నా చేత్తోనే తీసేశాను.

ఆయన వేళ్ళలోంచి సిగరెట్టు లాక్కున్నాను. పీట మీద ఉన్న రెండూ కలిపి, మురుగునీళ్ళు పోయే కాలవలో పడేసి చెప్పుకాలితో తొక్కాను. అగ్గిపెట్టె కూడా పడేశాను.

"వాసన పట్టేసింది," అన్నాడు ఆయన. ముఖమంతా చెమట. "ఇప్పుడు వస్తోంది. గట్టిగా వస్తోంది. ఇంతలా ఎప్పుడూ రాలేదే."

పక్కన కింద కూర్చున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలంగా ఆయన నన్నెప్పుడూ పట్టుకోలేదు, గాజు చర్మంలోకి దిగింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. నేను వీపు రాస్తూ ఉన్నాను. ఏదో మాట్లాడాలని ఏమీ తోచక, "ఇదిగో పోతోంది, ఇదిగో పోతోంది," అంటూ ఉన్నాను.

ఎదురుగా తొట్టి కనపడుతోంది. పరదా అంచు నీళ్ళ మీదికి తేలి ఉంది. ఆ అంచు నా కళ్ళముందే చిక్కబడుతోంది. గడియారం పదిహేడు నిమిషాలు దాటింది. రెండున్నర సిగరెట్లు దగ్గర దగ్గర అంతే. చెయ్యి విడిపించుకుని లేచి, రెండడుగులు వేసి, కర్రతో ఎత్తితే చాలు, పరదా దక్కుతుంది. ఇరవై అయింది. అంచు మేనేజరు ఇచ్చిన ముక్కని దాటిపోయిందని నాకు తెలుస్తోంది. నేనూ రంగుల కొట్టు దాన్నే. ఇరవై నాలుగు. నేను లేవలేదు. ఏమండీ అని కూడా అనలేదు. ఆయన కళ్ళు తెరిస్తే తొట్టి వైపు చూస్తాడేమోనని, నేనే కాస్త జరిగి అడ్డంగా కూర్చున్నాను.

నర్సమ్మ చెప్పిన నాలుగైదు నిమిషాలు ఆ రోజు చాలలేదు. పోయిందనుకుంటే మళ్ళీ వచ్చింది. గంట కొట్టే గడియారం గంట కూడా ఎప్పుడో కొట్టి ఊరుకుంది. చివరికి మణికట్టు మీద పట్టు సడలింది. ఆయన చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, పెద్దగా ఊపిరి వదిలి, అప్పుడు చూశాడు తొట్టి వైపు.

గ్యాసు కట్టేసి, ఇద్దరం చెరో పక్కా కర్ర పట్టుకుని పరదా పైకి ఎత్తాం. ఎరుపు అనడానికి లేదు. ఎండిన నెత్తురు రంగు, ఇంకా చెప్పాలంటే నలుపు. తీగ మీద వేశాం. నీళ్ళు కారుతున్నాయి. ఆయన దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

నేను ముందు గదిలోకి వచ్చి మేనేజరుకి ఫోను చేశాను. కరెంటు పోయిందనో, రంగు దొరకలేదనో చెప్పొచ్చు, అలాంటివి నాకు నోటికి పది వస్తాయి. ఒక్కటీ చెప్పలేదు. "మా ఆయన సిగరెట్లు మానేశారండీ. ఆ రంగు సిగరెట్ల లెక్కన వేసింది. ఇప్పుడు ఆ రంగు మా కొట్టులో రాదు. మూడు పరదాలు పాడుచేశాం, బట్ట తెచ్చి ఇచ్చేస్తాం. మిగిలిన మూడూ తీసుకెళ్ళి ఇంకెవరి చేతైనా వేయించుకోండి," అన్నాను. విసుక్కుంటాడనుకున్నాను, కాస్త విసుక్కున్నాడు కూడా. సాయంత్రం మనిషిని పంపిస్తానన్నాడు. పెట్టేసే ముందు మాత్రం, "ఎన్ని రోజులైందండీ మానేసి?" అని అడిగాడు. నలభై ఒకటి అన్నాను. "నేను పదకొండో రోజు ఓడిపోయానండీ," అన్నాడు.

వెనక్కి వెళ్ళేసరికి ఆయన ఇంకా ఆ పరదా ముందే ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"మిగిలినవి తీసుకెళ్ళిపోతారట."

తల ఊపాడు. "ఇరవై రెండేళ్ళ పనితనం పోయిందే. గురువుగారు నేర్పింది ఒక్క ముక్క మిగల్లేదు నా చేతిలో."

"పోతే పోయింది. పనితనం మళ్ళీ నేర్చుకోవచ్చు. వేలు మళ్ళీ మొలవదు," అన్నాను. గట్టిగానే అన్నాను. అని, ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. "తప్పు నాదండీ. నేను తేకుండా ఉండాల్సింది."

ఆయన దగ్గరికి వచ్చి, గాజు గుచ్చుకున్న చోట బొటనవేలితో రాశాడు. ఆ వేలు ఎర్రగా ఉంది, పరదా రంగు అంటుకుని. నా చేతికి కూడా అంటింది.

ఉన్నట్టుండి ఆయన చెయ్యి మళ్ళీ బిగుసుకుంది. ముఖం చూశాను. వచ్చిందని అర్థమైంది.

"చెప్పండి దానికి," అన్నాను.

ఆయన నా వంక చూశాడు. కొంచెం అనుమానంగానే చూశాడు. ఆ అనుమానం నేను సంపాదించుకున్నదే.

"మా ఆవిడ ఒప్పుకోదు," అన్నాడు, పైకే.

"ఒప్పుకోను," అన్నాను.